చెరిషెవ్ ఎవరి ఆటగాడు?

2015 డిసెంబర్ 2 రాత్రి. స్పెయిన్ దక్షిణ కొసన కాదిజ్ అనే రేవు పట్టణం. ఆ ఊరి జట్టు అప్పటికి స్పెయిన్ ఫుట్‌బాల్‌లో మూడో అంచె లీగ్‌లో ఆడుతోంది. రాజు పేరు మీద జరిగే కోపా దెల్ రే కప్పు పుణ్యమా అని వాళ్ల గడ్డ మీదికి ఏకంగా రియల్ మాడ్రిడ్ వచ్చింది. ఆట మొదలైన మూడో నిమిషంలోనే రియల్ గోల్ కొట్టింది. కొట్టినవాడు దెనిస్ చెరిషెవ్, ఎడమ వింగర్ (మైదానం ఎడమ అంచున పరుగెత్తి దాడి చేసేవాడు), రష్యన్. ఇంకో మూడు వారాల్లో 25 నిండుతాయి. పదకొండేళ్ల వయసు నుంచి ఆ క్లబ్బులో పెరిగినవాడు. రియల్ పెద్ద జట్టు చొక్కా వేసుకుని అధికారిక మ్యాచ్‌లో కొట్టిన తొలి గోల్ అదే.

మొదటి సగం సాగుతుండగానే రేడియోల్లో, ట్విట్టర్‌లో ఒక వార్త గుప్పుమంది. ఈ అబ్బాయి ఇవాళ ఆడకూడదట, అతని మీద సస్పెన్షన్ ఉందట. గ్యాలరీలోకి ఆ మాట చేరగానే కాదిజ్ అభిమానులు రియల్ కోచ్ రఫా బెనితెజ్ వైపు తిరిగి, ట్విట్టర్ చూసుకో అంటూ వరస కట్టి అరిచారు. రెండో సగం మొదలైన వెంటనే బెనితెజ్ అతన్ని బయటికి పిలిచి కొవాచిచ్‌ని లోపలికి పంపాడు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. అర్హత లేని ఆటగాడు ఒక్క నిమిషం ఆడినా తప్పు తప్పే. మ్యాచ్ 3-1తో రియల్ గెలిచింది. రెండు రోజులకు స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య న్యాయాధికారి రియల్‌ని ఆ ఏడాది కప్పు నుంచే తొలగించి, 6,001 యూరోల జరిమానా వేశాడు.

చెరిషెవ్ పేరు చెబితే చాలామందికి ఇదొకటి గుర్తొస్తుంది. లేదంటే 2018 ప్రపంచకప్‌లో అతను కొట్టిన నాలుగు గోల్స్ గుర్తొస్తాయి. ఒకటి నవ్వులపాలైన రాత్రి, ఇంకోటి దేశమంతా అతని పేరు జపించిన నెల. ఈ రెండిటికీ సంబంధం లేదన్నట్టు మాట్లాడుకుంటాం. నాకు మాత్రం రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయనిపిస్తుంది. ఒకచోట పేరు, ఇంకోచోట ఆట. అతని జీవితం దాదాపు మొత్తం ఇలాగే గడిచింది. కాదిజ్‌లో ఆ దూరం అతన్ని ముంచింది. మాస్కోలో అతన్ని నిలబెట్టిందీ అదే.

ముందు కాదిజ్ చిక్కుముడి విప్పుదాం. దానికి లోన్ అంటే ఏమిటో తెలియాలి. మన దగ్గర డెప్యుటేషన్ సంగతి తెలిసినవాళ్లకు ఇది చాలా తేలిక. ఒక టీచర్‌ని డెప్యుటేషన్ మీద పక్క మండలానికి వేస్తారు. పాఠాలు చెప్పేది అక్కడ, పోస్టు ఉండేది ఇక్కడ. గడువు తీరగానే తిరిగి సొంత బడికి రావాలి. ఫుట్‌బాల్‌లో లోన్ కూడా అంతే. కాంట్రాక్ట్ ఒక క్లబ్బుతో ఉంటుంది, సీజన్ మొత్తం ఆడేది ఇంకో క్లబ్బుకు. జీతం ఎవరెంత భరించాలో రెండు క్లబ్బులూ మాట్లాడుకుంటాయి. పెద్ద క్లబ్బులో చోటు దొరకని కుర్రాళ్లకు మ్యాచ్‌లు దొరుకుతాయి, చిన్న క్లబ్బుకు తక్కువ ఖర్చుతో మంచి ఆటగాడు దొరుకుతాడు.

2014-15 సీజన్‌లో చెరిషెవ్ ఇలాగే రియల్ నుంచి విల్లారియల్‌కు లోన్ మీద వెళ్లాడు. ఆ ఏడాది కోపా దెల్ రేలో విల్లారియల్ సెమీఫైనల్ దాకా వచ్చింది. దారిలో చెరిషెవ్‌కు మూడు ఎల్లో కార్డులు పడ్డాయి. మూడోది బార్సిలోనాతో ఆడిన సెమీఫైనల్లో. ఆ కప్పు నిబంధన ప్రకారం మూడు ఎల్లో కార్డులు పోగైతే తర్వాతి కప్పు మ్యాచ్‌కి దూరంగా ఉండాలి. ఆ సెమీఫైనల్లో విల్లారియల్ ఓడి ఇంటికి వెళ్లిపోయింది. తర్వాతి మ్యాచ్ అన్నదే లేకుండా పోయింది. శిక్ష పడింది, అనుభవించే రోజు మాత్రం రాలేదు.

అసలు మెలిక ఇక్కడుంది. ఒకటి రెండు కార్డులే ఉంటే సీజన్ ముగిసేసరికి అవి చెరిగిపోతాయి. మూడు పూర్తయి శిక్ష ఖరారైందంటే చెరగదు, మరుసటి ఏడాది అదే పోటీలో మొదటి మ్యాచ్ వరకూ కాచుకుని కూర్చుంటుంది. అది క్లబ్బు ఖాతాలో ఉండదు, ఆటగాడి పేరు మీద ఉంటుంది, అతను ఎక్కడికి వెళితే అక్కడికి వెంటవస్తుంది. లీగ్ సస్పెన్షన్లయితే వారం వారం మ్యాచ్‌లుంటాయి కాబట్టి అందరి నోళ్లలో నానుతూ ఉంటాయి. కప్పు సస్పెన్షన్ అలా కాదు. మార్చిలో పడిన కార్డు, డిసెంబర్‌లో అమల్లోకొచ్చే శిక్ష. మధ్యలో తొమ్మిది నెలలు, ఒక వేసవి, ఒక క్లబ్బు మార్పు. విల్లారియల్ చొక్కాలో చేసిన అప్పు మాడ్రిడ్ చొక్కాలో తీర్చాల్సి వచ్చింది.

రియల్ వాదన ఏమిటంటే, సస్పెన్షన్ సంగతి తమకు గానీ ఆటగాడికి గానీ ఎవరూ వ్యక్తిగతంగా తెలియజేయలేదని. ఆ రాత్రే క్లబ్బు తరఫున ఎమిలియో బుత్రగేన్యో ఈ మాటన్నాడు. మర్నాడు అధ్యక్షుడు ఫ్లోరెంతీనో పెరెజ్ విలేకరుల ముందు కూర్చుని నిబంధనలు చదివి మరీ వినిపించాడు. సమాఖ్య ఒప్పుకోలేదు. శిక్షల జాబితా ప్రకటించాం, తమ ఆటగాళ్లెవరికి అర్హత ఉందో చూసుకోవాల్సిన బాధ్యత బరిలోకి దింపే క్లబ్బుదే అంది. పై అప్పీళ్లలోనూ రియల్‌కు ఊరట దొరకలేదు. చట్టం మాట పక్కన పెట్టి చూస్తే నాకు అన్నిటికంటే బాధ అనిపించేది ఒకటుంది. అంత పెద్ద యంత్రాంగంలో అందరి తరఫునా అవమానం మోసింది ఆ రోజు గోల్ కొట్టిన ఒక్క కుర్రాడే. తర్వాత కొన్నాళ్లు వేరే ఊళ్ల స్టేడియాల్లో కూడా ప్రత్యర్థి అభిమానులు అతని పేరు పాడుతూ ఆటపట్టించారు. నెల తిరిగేసరికి, 2016 జనవరి 4న బెనితెజ్ ఉద్యోగం పోయింది, జిదాన్ వచ్చాడు. ఫిబ్రవరి 1న చెరిషెవ్ మళ్లీ లోన్ మీద వలెన్సియాకు వెళ్లిపోయాడు.

ఇంతకీ ఒక రష్యన్ పిల్లవాడు పదకొండేళ్లకే మాడ్రిడ్ అకాడమీలో ఎలా తేలాడు? దానికి తండ్రి కథ కావాలి. దెనిస్ పుట్టింది 1990 డిసెంబర్ 26న, వోల్గా ఒడ్డున ఉన్న నిజ్నీ నొవ్‌గొరొద్‌లో. ఆ ఏడాదే ఆ ఊరికి గోర్కీ అన్న సోవియట్ కాలపు పేరు తీసేసి పాత పేరు తిరిగి పెట్టారు. ఏడాది తిరిగేసరికి సోవియట్ యూనియనే లేదు. తండ్రి ద్మిత్రి చెరిషెవ్ మాస్కో డైనమోలో ఫార్వర్డ్, రష్యా జాతీయ జట్టుకూ ఆడాడు. సోవియట్ పతనం తర్వాత అక్కడి క్లబ్బుల దగ్గర డబ్బుల్లేవు, ఆటగాళ్లకు సరిహద్దులు తెరుచుకున్నాయి. చాలామంది స్పెయిన్ దారి పట్టారు. మొస్తొవోయ్, కార్పిన్ సెల్తా వీగోలో పేరు తెచ్చుకున్నారు. ఒనొప్కో ఒవియెదోలో ఏళ్ల తరబడి ఆడాడు. హిహోన్ ఊళ్లోని స్పోర్టింగ్ క్లబ్బులో నికిఫొరొవ్, లెద్యాఖొవ్ ఉండేవాళ్లు. 1996లో ద్మిత్రి కూడా అదే క్లబ్బుకు వచ్చాడు, ఐదేళ్లున్నాడు. దెనిస్ బంతి పట్టింది అక్కడే, స్పోర్టింగ్ పిల్లల జట్టులో. తండ్రి బూర్గోస్‌కి మారితే పిల్లాడూ ఆ క్లబ్బుకే మారాడు. 2002లో రియల్ మాడ్రిడ్ అకాడమీలో చోటు దొరికింది. తర్వాత ద్మిత్రి కూడా ఆ అకాడమీలోనే పిల్లలకు కోచ్‌గా పనిచేశాడు.

అలా ఇంట్లో రష్యన్, వీధిలో స్పానిష్. ఆట మొత్తం స్పానిష్‌లోనే ఒంటబట్టింది. రష్యా పత్రికల్లో అతన్ని 'స్పెయిన్ కుర్రాడు' అన్నట్టుగా రాసేవాళ్లు, స్పెయిన్ పత్రికలకేమో 'ఆ రష్యన్'. రెంటికీ చెడ్డ రేవడి అని మనవాళ్లు అనేస్తారు గానీ, అది అప్పటికి తొందరపాటు మాట. 2011-12లో రియల్ రెండో జట్టు కస్తీయా పై డివిజన్‌కి ఎక్కినప్పుడు మొరాతా, హెసే, కర్వహాల్, నాచో లాంటి కుర్రాళ్ల పక్కన అతనూ ఉన్నాడు. 2012 నవంబర్‌లో రెండు వారాల వ్యవధిలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. 14న అమెరికాతో స్నేహపూర్వక మ్యాచ్‌లో రష్యాకు తొలిసారి ఆడాడు. 27న అల్కోయానోతో కప్పు మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, రియల్ మాడ్రిడ్ పెద్ద జట్టుకు అధికారిక మ్యాచ్ ఆడిన మొదటి రష్యన్ అయ్యాడు.

అక్కడి నుంచి పైకి ఎందుకు వెళ్లలేదన్నది అందరూ అడిగే ప్రశ్న. ఒక కారణం చాలా సాదా. ఎడమ వింగ్ క్రిస్టియానో రొనాల్డోది. 2013లో గారెత్ బేల్ వచ్చాక కుడి వైపు కూడా నిండిపోయింది. ఎడమ కాలి వాటం ఉండి, ఎడమ అంచున పరుగెత్తే కుర్రాడికి ఆ రోజుల్లో ప్రపంచంలో అంతకంటే కష్టమైన క్యూ ఇంకోటి లేదు.

రెండో కారణం అతని శరీరంలోనే ఉంది, దాని దగ్గర కాస్త ఆగాలి. వింగర్ పని చూడటానికి పరుగులా ఉంటుంది. నిజానికి ఆ పనిలో సగం ఆగడం. గీత వెంబడి పూర్తి వేగంతో పోవాలి, డిఫెండర్ కూడా అదే వేగం అందుకున్నాక ఒక్క అడుగులో ఆగాలి, లోపలికి తిరగాలి, మళ్లీ వేగం అందుకోవాలి. ఈ పనిలో భారమంతా తొడ వెనక కండరాల మీద పడుతుంది. వాటినే హ్యామ్‌స్ట్రింగ్ అంటారు. పరుగులో కాలు ముందుకు చాచి పాదం నేలను తాకబోయే క్షణంలో ఆ కండరం రెండు పనులు ఒకేసారి చేస్తుంది. సాగుతూ ఉంటుంది, సాగుతూనే కాలిని వెనక్కి లాగి బ్రేక్ వేస్తుంది. చిరగడం సాధారణంగా అక్కడే జరుగుతుంది. ఒకసారి చిరిగినవాడికి మళ్లీ చిరిగే ముప్పు ఎక్కువ. ఆరు వారాలు విశ్రాంతి తీసుకుని వచ్చినవాడు నొప్పి లేకపోయినా మొదటి పూర్తి పరుగు దగ్గర తటపటాయిస్తాడు. వింగర్ తటపటాయిస్తే అతని దగ్గర ఇంక అమ్ముకోవడానికి సరుకు లేదు.

2013-14లో సెవియాకు లోన్ మీద వెళ్లినప్పుడు ఇదే జరిగింది. ఆ సీజన్‌లో సెవియా యూరోపా లీగ్ గెలిచింది, చెరిషెవ్ మాత్రం ఎక్కువ కాలం గాయాలతోనే గడిపాడు. 2014 ప్రపంచకప్ పోయింది. మరుసటి ఏడాది విల్లారియల్‌లో, మార్సెలీనో అనే కోచ్ చేతికింద, ఒళ్లు సహకరించింది. అన్ని పోటీల్లో కలిపి 40 మ్యాచ్‌లు, 7 గోల్స్. అతని కెరీర్‌లో నిండుగా ఆడిన సీజన్ ఏదంటే నేను అదే చెబుతాను. రియల్ తిరిగి పిలిపించుకుంది ఆ ఆట చూసే. ఆ తర్వాత కాదిజ్, ఆ తర్వాత వలెన్సియా, మళ్లీ గాయం. యూరప్ దేశాల పోటీ యూరో 2016 కూడా పోయింది. 2016 వేసవిలో విల్లారియల్ అతన్ని సొంతంగా కొనుక్కుంది. అక్కడ తర్వాతి రెండేళ్లలో కూడా ఫిజియో గదికీ మైదానానికీ మధ్య తిరుగుడే ఎక్కువ.

ఇప్పుడు అదే సమయంలో రష్యాలో ఏం జరుగుతోందో చూడాలి, అది చూడకపోతే 2018 అర్థం కాదు. రష్యా లీగ్‌లో విదేశీ ఆటగాళ్ల మీద పరిమితి ఉంది. అక్కడివాళ్లు దాన్ని 'లిమిట్' అనే అంటారు. 2015 నుంచి ఐదేళ్లు 6+5 పద్ధతి నడిచింది. అంటే మైదానంలో ఏ క్షణంలోనైనా విదేశీయులు ఆరుగురికి మించకూడదు, కనీసం ఐదుగురు రష్యన్లు ఉండి తీరాలి. ఉద్దేశం మంచిదే, సొంత కుర్రాళ్లకు అవకాశం రావాలని. ఫలితం వేరేగా వచ్చింది. రష్యన్ పాస్‌పోర్టు ఉన్న కాస్త మంచి ఆటగాడికి దేశంలోనే గిరాకీ పెరిగి, జీతాలు పెరిగాయి. బయటికి వెళ్లి తక్కువ జీతానికి బెంచీ మీద కూర్చుని పోరాడాల్సిన అవసరం పోయింది. 2018 ప్రపంచకప్‌కి రష్యా ప్రకటించిన 23 మందిలో 21 మంది స్వదేశీ లీగ్‌లో ఆడేవాళ్లు. బయట ఆడేవాళ్లు ఇద్దరే ఇద్దరు. బెల్జియంలోని క్లబ్ బ్రూజ్ గోల్‌కీపర్ గబులొవ్ ఒకరు, చెరిషెవ్ ఇంకొకరు. ఆ జట్టులో స్పెయిన్ మైదానాల్లో పెరిగినవాడు అతనొక్కడే. చెరిషెవ్ ఎంచుకుని వెళ్లలేదు, తండ్రి చేయి పట్టుకుని వెళ్లాడు. అయినా 21 మందికి దొరకని చదువు అతనికి దొరికింది.

ప్రపంచకప్ ముందు రష్యా పరిస్థితి అధ్వానం. ఏడు మ్యాచ్‌లుగా గెలుపు లేదు. ఫిఫా ర్యాంకుల్లో 70వ స్థానం, ఆడుతున్న 32 జట్లలో అట్టడుగున. స్ట్రైకర్ కొకొరిన్‌కి మార్చిలో మోకాలి లిగమెంటు తెగింది. చెరిషెవ్ ఆరేళ్లలో జాతీయ జట్టుకు ఒక్క గోల్ కూడా కొట్టలేదు. జూన్ 14న మాస్కో లూజ్నికి స్టేడియంలో సౌదీ అరేబియాతో ప్రారంభ మ్యాచ్. కోచ్ చెర్చెసొవ్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. మనకు ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర.

24వ నిమిషం. రష్యా దాడులు నడిపించే ప్లేమేకర్ అలాన్ ద్జాగొయెవ్ పరుగెత్తుతూ ఒక్కసారిగా తొడ వెనక చేయి పెట్టుకుని ఆగిపోయాడు. హ్యామ్‌స్ట్రింగ్. ఏ కండరం చెరిషెవ్‌కు ఇన్నేళ్లు తిండి పెట్టలేదో, అదే కండరం ఇంకొకరి కాలిలో పట్టేసి అతన్ని మైదానంలోకి తెచ్చింది. ఆ క్షణం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ద్జాగొయెవ్ మీద జాలి, చెరిషెవ్ మీద సంతోషం రెండూ ఒకేసారి కలుగుతాయి.

43వ నిమిషంలో పెనాల్టీ బాక్స్ ఎడమ పక్కన అతనికి బంతి అందింది. ఇద్దరు సౌదీ డిఫెండర్లు షాట్‌కి అడ్డం పడదామని నేల మీద జారుతూ దూసుకొచ్చారు. అతను కొట్టలేదు. కొట్టబోయినట్టు చేసి, బంతిని చిన్నగా ఎత్తి వాళ్ల మీదుగా దాటించాడు. ఇద్దరూ పక్కకు జారిపోయారు. అప్పుడు ఎడమ కాలితో గోల్ పైకప్పుకి తగిలేలా బాదాడు. ప్రపంచకప్‌ల చరిత్రలో ప్రారంభ మ్యాచ్‌లో గోల్ కొట్టిన మొదటి సబ్‌స్టిట్యూట్ అతనే. 90 నిమిషాలు దాటాక కలిపే ఇంజరీ టైమ్ మొదటి నిమిషంలో రెండోది కొట్టాడు. రష్యా స్ట్రైకర్ జ్యూబా తలతో దించిన బంతిని ఎడమ పాదం బయటి అంచుతో తాకించాడు, అది వంపు తిరుగుతూ దూరపు మూలకు వెళ్లి పడింది. ఆ షాట్‌ని స్లో మోషన్‌లో చూడండి. తొడకు బలం వాడిన షాట్ కాదది, అంతా చీలమండ దగ్గర జరిగింది. ఆరు నెలలకోసారి పరుగు పోగొట్టుకున్న కుర్రాడు నిలబడిన చోటు నుంచే మనిషిని దాటే విద్య నేర్చుకోకుండా ఉంటాడా అనిపిస్తుంది. మ్యాచ్ 5-0.

ఐదు రోజులకు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఈజిప్ట్ మీద, కుడివైపు నుంచి మారియో ఫెర్నాండెజ్ వెనక్కి తోసిన బంతిని ఆపకుండా లోపలికి పంపాడు. 3-1. సమారాలో ఉరుగ్వే మ్యాచ్ మాత్రం పీడకల. లక్సాల్త్ కొట్టిన షాట్ చెరిషెవ్‌కి తగిలి దారి మళ్లి సొంత గోల్‌లోకి వెళ్లింది, రష్యా 0-3తో ఓడింది.

తర్వాతి ప్రత్యర్థి స్పెయిన్. జూలై 1, మళ్లీ లూజ్నికి. ఐదారేళ్ల వయసు నుంచి తనను పెంచిన దేశం ఎదురుగా ఉంది. కస్తీయాలో తనతో కలిసి ఆడిన నాచో స్పెయిన్ రైట్ బ్యాక్ (కుడి అంచు డిఫెండర్), అంటే సరిగ్గా చెరిషెవ్ ఆడే అంచుకు ఎదురుగా. నాచో స్థానంలో తర్వాత దిగింది కూడా పాత తోటివాడు కర్వహాలే. చెర్చెసొవ్ ఆ రోజు రక్షణ కోసం ఐదుగురిని వెనక నిలబెట్టాడు కాబట్టి చెరిషెవ్ 61వ నిమిషంలో గానీ లోపలికి రాలేదు. 1-1. అదనపు సమయం కూడా అయిపోయింది, పెనాల్టీలు. రష్యా మొదటి ముగ్గురూ కొట్టారు. స్పెయిన్ ఆటగాడు కోకే షాట్‌ని రష్యా గోల్‌కీపర్ అకిన్‌ఫీవ్ ఆపాడు. రామోస్ కొట్టాక నాలుగో రష్యన్‌గా చెరిషెవ్ నడిచి వెళ్లాడు. ఎదురుగా స్పెయిన్ గోల్‌కీపర్ దె హేయా. కొట్టాడు. ఆ తర్వాత ఆస్పస్ కొట్టిన బంతిని అకిన్‌ఫీవ్ గాల్లో పక్కకు పడిపోతూ కాలితో తన్నేశాడు. రష్యా 4-3. అంటే స్పెయిన్‌ని ఇంటికి పంపిన రోజు రష్యా తరఫున ఆఖరి షాట్ ఈ 'స్పెయిన్ కుర్రాడి'దే. ఎవరి ఆటగాడు అన్న ప్రశ్నకు ఆ రాత్రి రష్యాలో ఎవరికీ సందేహం మిగల్లేదు.

జూలై 7న సోచిలో క్రొయేషియాతో క్వార్టర్ ఫైనల్. 31వ నిమిషంలో చెరిషెవ్, జ్యూబా మధ్య గోడకు కొట్టి తీసుకున్నట్టు ఒక ఇచ్చిపుచ్చుకోలు. బాక్స్ బయట నుంచే ఎడమ కాలితో మెలితిప్పి పై మూలకు కొట్టాడు. గోల్‌కీపర్ సుబాషిచ్ కదల్లేదు, నిలబడి చూశాడు. మన దగ్గర అర్ధరాత్రి దాటింది, ఆ గోల్ చూసి నేను అరిచిన అరుపుకి ఇంట్లోవాళ్లు లేచారు. 67వ నిమిషంలో అతన్ని తప్పించారు. 2-2తో మళ్లీ పెనాల్టీలు వచ్చేసరికి అతను బెంచీ మీద ఉన్నాడు, రష్యా 3-4తో ఓడిపోయింది. అతని ఖాతాలో నాలుగు గోల్స్ నిలిచాయి. ఆ ప్రపంచకప్‌లో రొనాల్డో, లుకాకు, గ్రీజ్‌మన్, ఎంబాపే కొట్టినవీ నాలుగే. వాళ్లకంటే ఎక్కువ కొట్టింది ఆరు గోల్స్‌తో హ్యారీ కేన్ ఒక్కడే.

ఆ వెలుగు వెంటే ఒక నీడ కూడా వచ్చింది. తండ్రి ఒక రష్యన్ పత్రికతో మాట్లాడినప్పుడు గాయం చికిత్సలో గ్రోత్ హార్మోన్ మాట దొర్లినట్టు అచ్చయింది. విలేకరి తప్పుగా అర్థం చేసుకున్నాడని రష్యా వైపు నుంచి వివరణ వచ్చింది. స్పెయిన్ డోపింగ్ నిరోధక సంస్థ విచారణ జరిపి, ఎలాంటి ఉల్లంఘనా లేదని కేసు మూసేసింది. ఈ రెండో సంగతి చెప్పకుండా మొదటి సంగతి ఒక్కటే చెప్పేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ప్రపంచకప్ తర్వాత పెద్ద క్లబ్బులేవో ఎగబడి కొంటాయని అనుకున్నాం. మళ్లీ లోనే. ఈసారి వలెన్సియా, అక్కడ కోచ్ విల్లారియల్ నాటి మార్సెలీనో. ఆ సీజన్ ఆఖర్లో, 2019 మే 25న, వలెన్సియా ఫైనల్లో బార్సిలోనాను 2-1తో ఓడించి కప్పు గెలిచింది. ఏ కప్పు? కోపా దెల్ రే. మూడున్నరేళ్ల కింద అతని పేరు మీద రియల్ ఏ పోటీ నుంచి బయటికి పోయిందో అదే. చెరిషెవ్ గెలుపుల జాబితాలో ఇప్పుడు అది ఉంది. ఆ వేసవిలో వలెన్సియా అతన్ని సొంతం చేసుకుంది.

2020 ఫిబ్రవరి 19న మిలాన్‌లో, బెర్గామో అనే ఇటలీ ఊరి క్లబ్బు అతలాంతాతో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో వలెన్సియా 1-4తో ఓడింది. ఆ ఒక్క గోల్ చెరిషెవ్‌ది, దిగిన రెండు నిమిషాలకే. ఆ రాత్రి బెర్గామో నుంచి వేల మంది మిలాన్ స్టేడియానికి తరలివచ్చారు. కొన్ని రోజులకే ఆ ప్రాంతంలో కోవిడ్ విరుచుకుపడింది. ఆ వ్యాప్తికి ఈ మ్యాచ్ కూడా ఒక కారణమని తర్వాత అక్కడి వైద్యులు, అధికారులు మాట్లాడుకున్నారు. ఆ గోల్‌ని ఇవాళ ఎవరూ గోల్‌గా గుర్తుపెట్టుకోరు.

2022 ఫిబ్రవరి 28న, ఉక్రెయిన్ మీద దాడి మొదలైన నాలుగు రోజులకు, ఫిఫా, యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఫా రష్యా జట్లన్నిటినీ అంతర్జాతీయ పోటీల నుంచి పక్కన పెట్టాయి. వేసవిలో వలెన్సియాతో ఒప్పందం ముగిసింది. తర్వాత ఇటలీ రెండో డివిజన్‌లో వెనిజియాకు, ఆ తర్వాత గ్రీసులో పానియోనియోస్‌కు ఆడాడు. రష్యా లీగ్‌లో పెద్ద జీతం, ఖాయమైన చోటు దొరికే రోజుల్లోనూ ఆ దారి పట్టలేదు.

రష్యాకు మొత్తం 33 మ్యాచ్‌లు, 12 గోల్స్. ప్రపంచకప్‌లో నాలుగు. టర్కీ మీద మూడు మ్యాచ్‌ల్లో ఒక్కోటి. కజకిస్తాన్ మీద రెండు, సైప్రస్ మీద రెండు. ఇంకోటి బ్రసెల్స్‌లో బెల్జియం మీద, గోల్‌కీపర్ కుర్తువా కాళ్ల దగ్గర తడబడితే దొరికింది. కుర్తువా అప్పటికి రియల్ మాడ్రిడ్ గోల్‌కీపర్. ఈ పన్నెండింటిలో ఒక్కటి కూడా, ద్జాగొయెవ్ తొడ పట్టుకుని ఆగిపోయిన ఆ సాయంత్రానికి ముందుది లేదు.